మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు నేల, నీరు, వాన మాటలు నేర్పే విధానం

నాలుగో తరగతి పిల్లవాడు ‘బాష్పీభవనం’ అనే మాటను ఒత్తు తప్పకుండా రాయగలడు, దాని నిర్వచనం గడగడా అప్పజెప్పగలడు. కానీ దండెం మీద ఆరేసిన చొక్కాలోని తడి ఎక్కడికి పోయిందని అడిగితే బదులివ్వలేక నిలబడిపోతాడు. పరిసరాల విజ్ఞానం చెప్పే ఉపాధ్యాయులందరికీ ఇది అనుభవమే. లోపం పిల్లవాడిది కాదు, వస్తువు కన్నా ముందు మాటను చేతికిచ్చిన పద్ధతిది. ముందు వస్తువును చూడాలి, ముట్టుకోవాలి. దానికి ఇంట్లో వాడే మాట నోటికి రావాలి. ఆ మాటతో నాలుగు వాక్యాలు మాట్లాడాలి. ఆ తరువాతే పాఠ్యపుస్తకంలోని పదం నల్లబల్ల మీదికి రావాలి. ఈ వరుస తప్పకుండా, తెలుగు పీరియడ్‌లోనూ పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లోనూ అవే మాటలు తిరిగేలా చూసుకుంటే పిల్లల పదసంపద నిలుస్తుంది.

మొదటి పని మాటల ఎంపిక. అమెరికాకు చెందిన పరిశోధకులు ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్ పదాలను మూడు అంతస్తులుగా విడదీశారు. మన తరగతికి అన్వయించుకుంటే మన్ను, బురద, రాయి వంటివి పిల్లలకు ఇంట్లోనే వచ్చిన మాటలు. అవక్షేపం (నీటి అడుగున పేరుకున్న మట్టి), భూపటలం (భూమి పైపొర) వంటివి ఒక్క శాస్త్రానికే చెందిన మాటలు. ఈ రెండింటి నడుమ పొర, రేణువు, క్రమంగా, పేరుకొను, వ్యాపించు, పోల్చు, ఏర్పడు వంటి మాటలు ఉంటాయి. నిజానికి పాఠం అర్థం కావడం, కాకపోవడం ఈ నడిమి మాటల మీదే ఆధారపడి ఉంటుంది. అయినా పాఠం చివర ఇచ్చే కఠిన పదాల పట్టికలో ఇవి అరుదుగా కనిపిస్తాయి, ఎందుకంటే పెద్దలకు ఇవి కఠినంగా తోచవు. వారానికి ఆరు మాటలు చాలు. వాటిలో నాలుగు నడిమి మాటలు, రెండు శాస్త్ర పదాలు ఉండాలి. అంతకు మించితే ఏ మాటా పిల్లల సొంతం కాదు.

నేలల పాఠంతో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే దానికి కావలసిన సరంజామా ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది. పిల్లలను తలా ఒక గుప్పెడు మట్టి తెమ్మనాలి: పొలం నుంచి ఒకరు, చెరువు గట్టు నుంచి ఒకరు, ఇంటి ముందు నుంచి ఒకరు. దాన్ని తడిపి అరచేతుల మధ్య పాములా చేయించాలి. నల్లరేగడి మట్టి సన్నని తాడులా సాగుతుంది, దాన్ని వంచి ఉంగరంలా కూడా చుట్టవచ్చు. ఎర్ర చల్క మట్టి కొంతదూరం సాగి విరిగిపోతుంది. ఇసుక అసలు నిలవదు. ఈ పని జరుగుతుండగానే జిగురు, బంక, గరుకు, పొడిపొడి, సాగడం, విరగడం అనే మాటలు పిల్లల నోటినుంచే వస్తాయి. ఉపాధ్యాయుడు చేయవలసిందల్లా వాటిని వెంటనే నల్లబల్ల మీద రాయడం.

తరువాత వెడల్పాటి అడుగుభాగం ఉన్న గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా భాగం నీరు పోసి, మూత బిగించి, బాగా కుదిపి కిటికీ దగ్గర కదపకుండా ఉంచాలి. గులకలు, ముతక ఇసుక నిమిషంలోపే అడుగుకు చేరతాయి, ఒండ్రు గంటల్లో దిగుతుంది, బంకమన్ను తేరుకోవడానికి ఒక రోజు పట్టవచ్చు, ఎండుటాకుల ముక్కలు పైన తేలుతూనే ఉంటాయి. మర్నాడు సీసాలోని పొరలను బొమ్మ గీయించి, “బరువైన రేణువులు ముందుగా అడుగున పేరుకొన్నాయి, ఎందుకంటే…” అనే వాక్యాన్ని పిల్లల చేత పూర్తి చేయించాలి. పేరుకొను అనే మాట ఇక్కడ స్థిరపడితే, వారం తరువాత నిక్షేపణ, అవక్షేప శిల అనే పదాలు వచ్చినప్పుడు వాటిని వివరించే భారం సగానికి సగం తగ్గుతుంది. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుందని, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుకుంటుందని చెప్పడానికీ ఇదే సమయం. నెర్రెలు అనే చక్కటి మాటను నగరం పిల్లలు మరిచిపోతున్నారు.

వాన మాటలకు మరింత సమయం ఇవ్వాలని నా అభిప్రాయం, ఎందుకంటే తెలుగులో ఇంత సంపన్నమైన చోటు తక్కువ. తొలకరి, చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత, గాలివాన, వడగళ్లు అన్నింటినీ చీటీల మీద రాసి, గోడకు కట్టిన దారం మీద తక్కువ వాన నుంచి ఎక్కువ వాన దాకా వరుసగా తగిలించమనాలి. తుంపర, జల్లు, కుండపోత దాకా పేచీ ఉండదు. ముసురు దగ్గర వాదం మొదలవుతుంది: అది సన్నగానే పడుతుంది, కానీ రెండు మూడు రోజులు వదలదు. అప్పుడు వాన జోరు వేరు, వాన నిడివి వేరు అని పిల్లలకే తడుతుంది, రెండో దారం కావాలని వారే అడుగుతారు. తొలకరి ఏ దారం మీదా ఇమడదు, ఎందుకంటే అది కాలాన్ని చెప్పే మాట. శాస్త్రంలో కొలత అనే ఆలోచనకు, భాషలో పర్యాయపదాల మధ్య ఉండే సూక్ష్మమైన తేడాకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఐదో తరగతిలో దీన్ని వార్తాపత్రికతో కలపవచ్చు. భారత వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా కురిస్తే భారీ వర్షం, 204.4 దాకా అతి భారీ వర్షం, అది దాటితే అత్యంత భారీ వర్షం. నిలువు గోడలున్న డబ్బాను ఆరుబయట ఉంచి, అందులో నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో కొలిపిస్తే వర్షపాతం, మిల్లీమీటరు అనే మాటలు తమకు సంబంధించినవే అవుతాయి.

ఇంటి మాటల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. చిన్న నీటి ప్రవాహాన్ని తెలంగాణ పిల్ల ఒర్రె అనవచ్చు, రాయలసీమ పిల్ల వంక అనవచ్చు, ఉత్తరాంధ్ర పిల్ల గెడ్డ అనవచ్చు. పుస్తకంలో వాగు అని ఉంటుంది. వీటిలో ఏదీ తప్పు కాదు, దిద్దవలసిన అవసరం లేదు. నల్లబల్ల మీద పక్కపక్కనే రాస్తే సరిపోతుంది. ఏజెన్సీ మండలాల్లో కోయ, గోండి వంటి భాషలు ఇంట్లో మాట్లాడే పిల్లలుంటే వారి మాటను అడిగి తెలుసుకుని ముందుగా దాన్నే రాయాలి. తన మాటను బడి గౌరవించిందని తెలిసిన పిల్ల బడి మాటను ఇష్టంగా నేర్చుకుంటుంది.

పాఠ్యపుస్తకపు పదాలు చాలావరకు సంస్కృతం నుంచి వచ్చినవి కాబట్టి వాటిని విడివిడిగా కాక కుటుంబాలుగా నేర్పాలి. పాతం అంటే పడటం అని ఒక్కసారి తెలిస్తే జలపాతం, హిమపాతం, వర్షపాతం, అవపాతం నాలుగూ విచ్చుకుంటాయి. భూమిలోని భూ తెలిస్తే భూకంపం, భూగర్భజలం, భూపటలం భయపెట్టవు. సమాసాలు పైతరగతుల వ్యాకరణమని ఆగనక్కరలేదు. పేరు చెప్పకుండానే మాటను విడదీసి చూపవచ్చు.

అనేకార్థాలున్న మాటలు మరో చిక్కు. కోత అంటే పిల్లలకు వరికోత తెలుసు, కరెంటు కోత తెలుసు. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో సముద్రపు కోత అన్నప్పుడు అలలు నేలను తినేస్తున్నాయని గ్రహించాలి. అక్కడి నుంచి క్రమక్షయం అనే పదానికి వెళ్లడం సులువు. జడలోని పాయ తెలిసిన పిల్లకు ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలడం బొమ్మతో పనిలేకుండా అర్థమవుతుంది. ‘వాతావరణం’ దగ్గర మాత్రం ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి: భూమి చుట్టూ ఉన్న గాలి పొరనూ, ఈ రోజు ఎండగా ఉందా మబ్బుగా ఉందా అనే స్థితినీ తెలుగులో ఆ ఒక్క మాటతోనే చెబుతాం. అందుకే మొదటిదానికి గాలి పొర అని, రెండోదానికి ఈ రోజు వాతావరణం అని వాడుతూ, ఏళ్ల తరబడి సగటును చెప్పే శీతోష్ణస్థితిని ఐదో తరగతి దాకా వాయిదా వేయడం మంచిది.

రాళ్ల పాఠానికి నల్లరాయి, కడప బండ ముక్కలు చాలు. రెండింటినీ గరుకు గచ్చు మీద వేర్వేరు చోట్ల అరగదీసి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సున్నపురాయి అయిన కడప బండ పొడి నుంచి బుడగలు వస్తాయి, నల్లరాయి పొడి నుంచి రావు. బడిలో వాడే సుద్దముక్కలు తరచూ జిప్సంతో చేసినవై ఉంటాయి కనుక వాటితో ఈ ప్రయోగం చేయకూడదు. తరువాత సున్నపురాయి అనే మాటకు ఒక కాగితాన్ని నాలుగు గడులుగా మడిచి, అర్థం, లక్షణాలు, ఉదాహరణలు, కాని ఉదాహరణలు రాయించాలి. డొరోతీ ఫ్రేయర్ బృందం 1969లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన పద్ధతి ఇది. నాలుగో గడిలో పిల్లలు నల్లరాయి అని రాసి కారణం చెప్పగలిగితే అర్థం స్పష్టమైనట్టే.

రెండు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో ఇప్పుడు ద్విభాషా పుస్తకాలున్నాయి. ఎరోజన్, ఎవాపొరేషన్ వంటి ఇంగ్లిషు మాటలను తెలుగు మాట బాగా పట్టుబడ్డాక, అదే సీసా, అదే రాయి చూపిస్తూ చెప్పాలి. విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులు నడిపేవారికి ఈ వరుస తిరగబడుతుంది: అక్కడి పిల్లలకు విషయం ఇంగ్లిషులో ముందే తెలిసి ఉంటుంది కాబట్టి శాస్త్ర పదాల కన్నా చినుకు, ముసురు, వాగు వంటి ఇంటి మాటలకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

నేర్పిన మాటను మర్నాడు, వారం తరువాత, నెల తరువాత మళ్లీ పలకరించాలి. పరీక్షించేటప్పుడు నిర్వచనం అడగకూడదు, “చెరువులో పూడిక ఎందుకు పేరుకుంటుంది?”, “కుండపోత వాన పడితే పొలం గట్టుకు ఏమవుతుంది?” అని అడగాలి. జవాబులో క్రమక్షయం బదులు “మట్టి కొట్టుకుపోతుంది” అని వచ్చినా పూర్తి మార్కులు ఇచ్చి, పక్కన ఆ పదాన్ని రాసి, దానితో ఇంకో వాక్యం చెప్పించాలి.