టెలిగ్రామ్‌లో వేలమంది, ఓటింగ్‌లో పదిమంది: చైన్ గవర్నెన్స్‌ని, కమ్యూనిటీని ఎలా దారిలో పెట్టాలి

కొన్నాళ్లు ఒక చిన్న ప్రూఫ్ ఆఫ్ స్టేక్ చైన్‌కి (టోకెన్లు తాకట్టుగా లాక్ చేసినవాళ్లు నడిపే బ్లాక్‌చెయిన్, ఆ తాకట్టే స్టేక్) తెలుగు గ్రూప్ మోడరేటర్‌గా చేశా, పేరు ఎందుకులెండి. గ్రూప్‌లో వేలల్లో మెంబర్లు, పొద్దున్నే ఫోన్ తీస్తే వందల మెసేజ్‌లు, అందులో సగం "అన్నా ఎయిర్‌డ్రాప్ (ఫ్రీగా పంచే టోకెన్లు) ఎప్పుడు", మిగతా సగం గుడ్ మార్నింగ్ ఫొటోలు. ఓసారి ఫీజులు మార్చే ప్రపోజల్ ఓటింగ్‌కి వచ్చింది, పిన్ చేశా, ట్యాగ్ చేశా, బతిమాలా, తీరా చూస్తే మా గ్రూప్ నుంచి ఓటేసినవాళ్లని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు ఎక్కువైపోయాయి. అప్పట్నుంచి మెంబర్ కౌంట్ చూడ్డమే మానేశా.

మీరు ఏ నెట్‌వర్క్‌కి పనిచేస్తున్నా ముందు ఇవి లెక్క తీయండి: గత ఐదారు ప్రపోజల్స్‌లో విడివిడిగా ఎన్ని వాలెట్లు ఓటేశాయి, కోర్ టీమ్ బయటివాళ్లు పెట్టిన ప్రపోజల్స్ ఎన్ని, మొత్తం స్టేక్‌లో మూడో వంతు ఎంతమంది వాలిడేటర్ల (బ్లాకులు సరిచూసి చైన్‌కి చేర్చేవాళ్లు) దగ్గరుంది. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, టెండర్‌మింట్ అనే సాఫ్ట్‌వేర్ పద్ధతిలో నడిచే చైన్లలో మూడో వంతుకి మించి స్టేక్ ఆఫ్‌లైన్ అయితే కొత్త బ్లాకులు రావు, చైన్ ఆగిపోతుంది. ఆ మూడో వంతు నలుగురైదుగురి చేతిలోనే ఉంటే మీది పేరుకే డీసెంట్రలైజ్డ్.

గవర్నెన్స్, అంటే ఓట్లతో నిర్ణయాలు తీసుకునే పద్ధతి, ఎక్కడ తేడా కొడుతుందో అర్థం కావాలంటే కాస్మోస్ హబ్ అనే చైన్‌ని చూడండి, మంచీ చెడూ రెండూ అక్కడ బయటికే కనపడతాయి. అక్కడ ఓటు నాలుగు రకాలు: అవును, కాదు, తటస్థం, వీటోతో కాదు. కనీసం 40 శాతం స్టేక్ ఓటింగ్‌లో పాల్గొనాలి, వీటో ఓట్లు 33.4 శాతం దాటితే మిగతావి ఎన్నున్నా ప్రపోజల్ పోయినట్టే, ప్రపోజల్ పెట్టడానికి కట్టిన డిపాజిట్ కూడా కాలిపోతుంది, అంటే తిరిగిరాదు. ఇంకోటి, మీరు మీ టోకెన్లని ఒక వాలిడేటర్‌కి డెలిగేట్ చేసి (అప్పగించి) ఓటెయ్యకపోతే మీ వాలిడేటర్ ఓటే మీ ఓటు, మీరు స్వయంగా వేస్తే మాత్రం మీదే లెక్కలోకొస్తుంది. చాలామందికి ఈ ముక్క తెలీదు, ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి ఊరిపెద్ద చేతికిచ్చి ఇంటికెళ్లిపోయినట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే గ్రూప్‌లో చెప్పాల్సిన మొదటి పాఠం ఇదే, మీ వాలిడేటర్ పోయినసారి దేనికి ఓటేశాడో చూసుకోండి అని.

2022 నవంబర్‌లో అక్కడ 82వ ప్రపోజల్ వచ్చింది, అక్కడి టోకెన్ ఆటమ్ పేరు మీద ఆటమ్ 2.0 అనేవాళ్లు. అవును ఓట్లే ఎక్కువ పడ్డాయి, అయినా వీటో 37 శాతం దాటడంతో కొట్టుకుపోయింది. కొత్త టోకెన్ల జారీ, ట్రెజరీ (చైన్ ఉమ్మడి నిధి), ఇంకా బోలెడు ఐడియాలు అన్నీ ఒకే మూటలో కట్టి ఒక్క ఓటు అడిగారన్నది అప్పటి పెద్ద కంప్లైంట్. మరుసటి ఏడాది 848వది చూడండి, గరిష్ఠ ఇన్‌ఫ్లేషన్ (ఏటా కొత్తగా పుట్టే టోకెన్ల శాతం) 20 నుంచి 10 శాతానికి తగ్గించాలా వద్దా, ఒకటే ప్రశ్న. అవును 41, కాదు, వీటో కలిపి 38 శాతం, అంటే బొటాబొటీగా పాసైంది, నచ్చనివాళ్లు ఆటమ్‌వన్ అని వేరు కుంపటి పెట్టే దాకా వెళ్లింది. కాబట్టి ఒక్క ప్రశ్నే అడిగితే గొడవలుండవని కాదు, గొడవ దేని గురించో కనీసం అందరికీ తెలుస్తుంది.

ఇక మీ ప్రపోజల్ రాసేటప్పుడు నేరుగా చైన్ మీద పెట్టేయకండి. ముందు డ్రాఫ్ట్, రెండు వారాలు చర్చ, పెద్ద వాలిడేటర్లు పదిమందికి పర్సనల్‌గా మెసేజ్, ఒక వాయిస్ కాల్, వచ్చిన అభ్యంతరాలు డ్రాఫ్ట్ కిందే రాసి మీ జవాబు పక్కన పెట్టడం, ఆ తర్వాతే డిపాజిట్. పైన తెలుగులో నాలుగు లైన్ల సారాంశం ఉండాలి, అదీ ఇలా: "ఇది పాసైతే కొత్త టోకెన్లు తక్కువ పుడతాయి, మీకొచ్చే స్టేకింగ్ రివార్డు తగ్గొచ్చు. పాసవ్వకపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది. చిన్న వాలిడేటర్లకి ఆదాయం తగ్గి కొందరు మూసేసే రిస్క్ ఉంది. ఓటింగ్ ఆదివారం రాత్రి 9కి అయిపోతుంది." నష్టం కూడా మీరే చెప్పేస్తే ఎదుటివాడు అరవడానికి పెద్దగా ఏమీ మిగలదు, నా అనుభవంలో అన్నిటికంటే పనిచేసింది ఇదే.

రూల్స్ దగ్గరికొస్తే, ఇవాళ కొన్న టోకెన్‌తో ఇవాళే ఓటేసే వీలు ఉందా లేదా చూడండి. 2022 ఏప్రిల్‌లో బీన్‌స్టాక్ అనే క్రిప్టో ప్రోటోకాల్‌లో ఒకడు ఫ్లాష్ లోన్‌తో (తాకట్టు లేకుండా ఒకే లావాదేవీలో తీసుకుని తిరిగిచ్చే అప్పు) క్షణాల్లో మెజారిటీ ఓటింగ్ పవర్ తెచ్చుకుని, తను ముందురోజే పెట్టుకున్న ప్రపోజల్‌ని తనే పాస్ చేసుకున్నాడు, ప్రోటోకాల్‌కి 182 మిలియన్ డాలర్ల నష్టం. 2020లో స్టీమ్ అనే చైన్‌లో అయితే ఎక్స్‌ఛేంజీల్లో కస్టమర్లు దాచుకున్న కాయిన్లతోనే ఓట్లు వేయించి టాప్ 20 విట్‌నెస్‌లని (అక్కడి వాలిడేటర్లు) మార్చేశారు, కమ్యూనిటీ విసిగిపోయి హైవ్ అని ఫోర్క్ చేసుకుని (విడి చైన్‌గా చీలి) వెళ్లిపోయింది, తర్వాత హైవ్‌లో కొత్తగా లాక్ చేసిన స్టేక్‌కి గవర్నెన్స్ ఓటు 30 రోజుల తర్వాతే అని రూల్ పెట్టుకున్నారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు కాకుండా, మీ చైన్‌లో ఈ గ్యాప్ ఇప్పుడే పెట్టించండి. ఓటు పాసయ్యాక అమలుకి కూడా రెండు మూడు రోజులు టైమ్‌లాక్ (తప్పనిసరి ఆగుడు) ఉండాలి.

ట్రెజరీ డబ్బు విడతలుగా ఇవ్వండి, పని చూపిస్తేనే తర్వాతి విడత, అంతే. పోల్కడాట్ అనే చైన్ 2024 మొదటి ఆర్నెల్లలో ట్రెజరీ నుంచి సుమారు 87 మిలియన్ డాలర్లు ఖర్చుపెట్టింది, అందులో దాదాపు 37 మిలియన్లు ప్రచారానికే పోయాయని రిపోర్ట్ రాగానే ఎంత రచ్చ అయిందో! అయితే ఆ రిపోర్ట్ బయటపెట్టారు కాబట్టే కనీసం తిట్టుకోవడానికైనా వీలైంది, చాలా చైన్లలో ఆ లెక్క కూడా దొరకదు.

కమ్యూనిటీ పెంచడం అంటే గివ్‌అవేలు అనుకునేవాళ్లకి ఒక దండం. రీట్వీట్‌కి టోకెన్ ఇస్తే ఒక్కడే యాభై అకౌంట్లతో వస్తాడు, ఇవ్వడం ఆపగానే పోతాడు. దానికి బదులు చిన్న పనులు ఇవ్వండి: టెస్ట్‌నెట్‌లో (ప్రయోగాల కోసం నడిపే చైన్) నోడ్ (చైన్ సాఫ్ట్‌వేర్ నడిపే కంప్యూటర్) పెట్టి ఎక్కడ ఆగిపోయారో రాయడం, డాక్స్‌లో ఒక పేజీ తెలుగులోకి మార్చడం, వారానికో అరగంట కాల్‌లో కొత్తవాళ్ల డౌట్లు తీర్చడం. మా గ్రూప్‌లో ఒక బీటెక్ కుర్రాడు నోడ్ సింక్ కావట్లేదని రోజూ విసిగించేవాడు, నీకొచ్చిన ఎర్రర్లన్నీ ఒకచోట రాయి తమ్ముడూ అన్నా, ఆ లిస్టే తర్వాత మా ఇన్‌స్టాల్ గైడ్ అయింది, ఇప్పుడు వాడు నాకంటే బాగా చెప్తాడు. అలాంటివాళ్లు ఐదుగురు దొరికితే చాలు.

మోడరేటర్ ఎప్పుడూ ముందుగా డీఎం చెయ్యడు, సీడ్ ఫ్రేజ్ (వాలెట్ తెరిచే రహస్య పదాలు) ఎవడడిగినా దొంగే, ఈ రెండు లైన్లు పిన్ చేసి వారానికోసారి మళ్లీ పెట్టండి. టోకెన్లలో పేమెంట్ ఇస్తుంటే మన ఇండియావాళ్లకి ముందే చెప్పండి, క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం ట్యాక్స్, ఆ ఏడాది జూలై నుంచి అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ ఉన్నాయని. తర్వాత తెలిసి తిట్టుకునేది మిమ్మల్నే.

అప్‌గ్రేడ్ రోజు సంగతి కూడా చూసుకోండి. బ్లాక్ హైట్ నంబర్ (ఎన్నో బ్లాక్ దగ్గర అప్‌గ్రేడ్ మొదలవుతుందో) ఒక్కటే పడేసి ఊరుకోకుండా, మన టైమ్‌లో సుమారు ఎన్నింటికో రాయండి. మాకోసారి తెల్లవారుజామున మూడింటికి పడింది, మెలకువగా ఉన్న మోడరేటర్ ఒక్కడూ లేడు, చైన్ నలభై నిమిషాలు ఆగేసరికి గ్రూప్‌లో "స్కామ్ స్కామ్" అని ఒకటే గోల. అప్పట్నుంచి ఇద్దరిని డ్యూటీ వేసి, "అప్‌గ్రేడ్ నడుస్తోంది, మీ టోకెన్లు ఎక్కడికీ పోవు, అరగంటకోసారి అప్‌డేట్ ఇస్తాం" అన్న మెసేజ్ ముందే టైప్ చేసి పెట్టుకునేవాళ్లం.