ఊరి వాగు మీద మళ్లీ గాలం: రీలు లేని ఫ్లై వేట

ఈకా దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగుతో చేపను పట్టడమే ఫ్లై వేట. ఇది ట్రౌట్ చేప చుట్టూ పెరిగిన విద్య. ట్రౌట్‌కు చల్లటి నీళ్లు కావాలి. నీలగిరుల్లో, మున్నారులో, హిమాలయాల్లో బతుకుతుంది గానీ మన నెల్లూరు జిల్లా ఉదయగిరి ఎండకు నిలవదు. చేప లేకపోయినా విద్య మాత్రం బొగ్గేరు మీదా, బీరాపేరు మీదా, గుండ్లకమ్మలో కలిసే పిల్లవాగుల మీదా చక్కగా పనికొస్తుంది. మనకు దొరికేవి పరిగెలు, జిలేబీలు (తిలాపియా), మట్టగిడసలు.

పోయినేడు చేపలు పడ్డ వాగే కదా అని నేరుగా పాత మడుగు దగ్గరికి పోయి గాలం విసరడం చాలామంది చేసే తప్పు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాగులకు పెద్ద నీళ్లు అక్టోబరు, డిసెంబరు మధ్య వస్తాయి. ఒక్క తుపాను చాలు, ఇసుక మేట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మారుతుంది, మొలలోతు మడుగు చీలమండల లోతవుతుంది, ఎక్కడో వేరుల కింద కొత్త గుంత పడుతుంది. అందుకే మళ్లీ వెళ్లిన మొదటిరోజు ఒక రెండొందల అడుగులు గాలం కర్ర విప్పకుండా ఊరికే నడవండి. చేతిలో ఒక పొడుగు కట్టె ఉండాలి, నీళ్లలో అడుగేసే ముందు దానితో పొడిచి చూడాలి. ఇసుక తవ్విన గోతులు పైకి తేటగా, నిమ్మళంగా కనబడతాయి. ఈత వచ్చినవాళ్లు కూడా వాటి అంచు జారి లోపలికి పోతారు.

ఎప్పుడు వెళ్లాలి

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. బురద తేరుకుంటుంది, నీళ్లు పారుతూనే ఉంటాయి. మోకాటి లోతు నీళ్లలో మీ కాలివేళ్లు కనబడితే ఫ్లై వెయ్యొచ్చు. కనబడకపోతే చేపకు ఫ్లై కూడా కనబడదు, ఆరోజు ఎర్రలు గుచ్చి బెండు వేసుకోవడం నయం. మార్చి దాటాక వాగు తెగి మడుగులు మడుగులుగా మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ మడుగుల జోలికి పోవద్దు. వేడి నీళ్లలో ఊపిరాడక చేపలన్నీ ఒకచోట ముద్దగా ఉంటాయి కాబట్టి పట్టడం తేలికే. వచ్చే ఏటి పిల్లలకు తల్లులు అవే.

ఉదయగిరి వైపు కొండల మీద వాన పడితే మీ నెత్తిన ఎండ కాస్తున్నా వాగు పొంగుతుంది. నీటి రంగు మారినా, ఎండుటాకులూ పుల్లలూ నురుగూ కొట్టుకొస్తున్నా సామాను సర్దుకోవడానికి కూడా ఆగకుండా గట్టెక్కాలి.

చెరువు వెనక నీళ్లయినా, చెక్‌డ్యాం మడుగయినా వేలంపాటలో పాడుకున్నవాళ్లో, మత్స్యకార సంఘంవాళ్లో ఉంటారు. “అన్నా, ఒక గంట గాలం వేసుకుంటాం, జిలేబీలు తప్ప తీసుకోం” అని ముందే అడిగితే చాలాసార్లు సరేనంటారు. అడక్కుండా వేస్తే గొడవే. పెనుశిల నరసింహ అభయారణ్యం లోపలి వాగుల్లో అసలు వద్దు.

కర్ర, దారం

దారం చుట్టుకునే రీలూ, ఖరీదైన రాడ్డూ అక్కర్లేదు. జపాన్ కొండవాగుల్లో టెంకారా అనే పద్ధతి ఉంది. పొడుగు కర్ర, దాని కొసకు కట్టిన దారం, దారం చివర ఫ్లై, అంతే. మన వెదురు గాలం కూడా అదే కదా. పన్నెండు అడుగుల సన్న వెదురుగానీ, మడతపడే టెలిస్కోపిక్ రాడ్డుగానీ సరిపోతుంది. బరువు చూసి తీసుకోండి. చెయ్యి చాచి ఐదు నిమిషాలు పట్టుకోలేని కర్ర రెండు గంటల వేటకు పనికిరాదు.

అసలు దారం కర్రంత పొడుగు, అంటే పన్నెండు అడుగులు. 0.30 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ దారం తీసుకోండి, కంటికి ఆనే రంగుదైతే మేలు. అదే మందం నైలాన్ కూడా నడుస్తుంది గానీ అది తేలిక, ఎదురుగాలికి వెనక్కి వచ్చి మీదే పడుతుంది. దాని చివర మూడడుగుల కొసదారం, 0.15 మిల్లీమీటర్లది. మట్టగిడసలున్న జమ్ములో వేసేటట్టయితే 0.20 పెట్టుకోండి. రెండు దారాలనూ పక్కపక్కన పెట్టి, కలిపి ఒక ఉచ్చు తిప్పి, అందులోంచి మూడుసార్లు దూర్చి లాగితే ముడి. కొక్కేనికి కట్టేప్పుడు దారం దాని కంట్లోంచి, అంటే కొసనున్న రంధ్రంలోంచి దూర్చి, తన చుట్టూ ఐదు మెలికలు తిప్పి, కొసను మొదటి ఉచ్చులోంచి తెచ్చి, ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించాలి. పొడిగా బిగిస్తే వేడికి దారం పాడవుతుంది. చేప తెంపుకుపోయాక దారం కొస చూడండి. పందితోకలా చుట్టుకుపోయి ఉంటే ముడి జారింది, తప్పు మీ చేతిది. తిన్నగా తెగి ఉంటే దారం అరిగింది, ఒక అడుగు కోసేసి మళ్లీ కట్టండి.

ఫ్లై ఇంట్లోనే కట్టుకోవచ్చు. పన్నెండో నంబరు కొక్కెం తీసుకోండి. నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, కాబట్టి పరిగెలకు పద్నాలుగు, పదహారు, మట్టగిడసలకు ఎనిమిది. ముందుగా కొక్కెం మొన పక్కనుండే చిన్న ముల్లును కటింగ్ ప్లేయరుతో నొక్కి చదును చెయ్యాలి. చేపను వదిలేప్పుడు నోరు చిరగదు, మీ వేలికి గుచ్చుకున్నా సులువుగా వస్తుంది. నల్ల కుట్టుదారాన్ని కంటి వెనక రెండు మిల్లీమీటర్లు వదిలి మొదలుపెట్టండి. నాటుకోడి మెడ ఈకను కొస దగ్గర కట్టి, పీచు కంటివైపు వాలేలా మూడు చుట్లు తిప్పి బిగించండి. తర్వాత దారాన్ని వంపు దాకా చుట్టి, వెనక్కి తెచ్చి ముడేస్తే అయిపోయింది. ఈక ముందుకు వాలి ఉండడం వల్ల దారం లాగి వదులుతుంటే మూసుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది. నీళ్లలో పురుగు కాళ్లాడిస్తున్నట్టే ఉంటుంది. కొత్తవాళ్లు ఈక ఎక్కువ చుడతారు, అది పురుగులా కాక చీపురులా ఉంటుంది. కన్ను పూడిపోయేట్టు దారం చుట్టడం ఇంకో తప్పు, వాగు దగ్గర దారం దూరక చిరాకు. తొలివానకు ఉసుళ్లు లేచే సాయంత్రాలకు గోధుమరంగు దారంతో నాలుగు కట్టి ఉంచుకోండి, ఆ అరగంటలో చేపలు ఇంకో పురుగు వంక చూడవు.

నీళ్లను చదవడం, విసరడం

చేప ప్రవాహానికి ఎదురు తిరిగి ఉంటుంది. మీరు కిందినుంచి పైకి నడిస్తే దాని వెనక ఉంటారు. కాబట్టి మడుగు తోక దగ్గర మొదలుపెట్టి, తర్వాత నడుమ, చివరికి నీళ్లు దూకే తల దగ్గర వెయ్యాలి. తల దగ్గర పెద్దవి ఉంటాయని ముందే అక్కడ వేస్తే తోకలో బెదిరిన పరిగె పైకి ఉరికి అన్నిటికీ చాటింపు వేస్తుంది. మన వాగులు పడమటి కొండల నుంచి తూర్పు సముద్రానికి పారతాయి, అంటే పైకి నడవడమంటే పడమటికి నడవడం. పొద్దున పొద్దు మీ వీపున ఉంటుంది, పొడుగు నీడ ముందున్న మడుగు మీద పడుతుంది. పొద్దున వెళ్తే వంగి, ఒడ్డు పక్కకు ఒదిగి నడవండి. సాయంత్రం కంట్లో ఎండ పడుతుంది గానీ నీడ వెనక్కి పోతుంది, తీరానికి దగ్గరి మండలాల్లో సముద్రపు గాలి కూడా వెనకనుంచే వచ్చి దారాన్ని మోసుకుపోతుంది. రెండిట్లో సాయంత్రానికే మా ఓటు.

వేగం నీళ్లూ నిలకడ నీళ్లూ రాసుకునే చోట సన్నగా నురుగు గీత సాగుతుంది. మేత కూడా ఆ గీత మీదే కొట్టుకొస్తుంది, చేప దాని పక్కనే నిలకడలో కాచుకుని ఉంటుంది. చెక్‌డ్యాం రాతికట్టడం అంచు కింద, కోసుకుపోయిన గట్టు వేళ్ల కింద చూడండి. పళ్లెమంత గుండ్రటి గుంతలు లోతు తక్కువ చోట కనబడితే అవి జిలేబీల గూళ్లు.

విసరడానికి గడియారం ముల్లు గుర్తుంచుకోండి. కర్రను చురుగ్గా పన్నెండు దాకా ఎత్తి ఆపాలి. దారం వెనక చాచుకునేంత క్షణం ఆగి, ముందుకు పది దగ్గర ఆపాలి. కర్ర ఒంటిగంట దాటి వెనక్కి పోయిందంటే ఫ్లై చిల్లకంపలో ఉంటుంది. నీళ్ల మీద ఫ్లై, కాస్త కొసదారం తప్ప ఇంకేమీ ఆనకూడదు. దారం ఆనితే ప్రవాహం దాన్ని లాగి ఫ్లైని ఈడుస్తుంది, చేప నమ్మదు. మూడు సెకన్లు పారనిచ్చి ఎత్తండి. ఒకే చోట నాలుగు సార్లు మించి వద్దు, రెండడుగులు జరగండి. దారం కదిలినా, ఆగినా మణికట్టు మాత్రం ఎగరేయండి. చెయ్యంతా గుంజితే పరిగె చెట్టెక్కుతుంది.

పెద్ద మట్టగిడస తగిలితే రీలు లేదు కాబట్టి దారం వదల్లేరు. కర్ర ఎప్పుడూ వంగి ఉండాలి. కర్రా దారమూ ఒకే గీతలోకి వచ్చాయా, కొసదారం తెగుతుంది. చేప వెంట మీరే నాలుగడుగులు నడవండి, పక్కకు లాగి జమ్ముకు దూరం చెయ్యండి.

ఏది ఉంచుకోవాలి

జిలేబీ ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు, మన చేపల గుడ్లూ మేతా తినేస్తుంది. దాన్ని తిరిగి వదలొద్దు, మామిడికాయ వేసి పులుసు పెట్టుకోండి. పరిగెలను చెయ్యి తడుపుకుని పట్టి వదిలేయండి. నీటిపైన ఎర్రటి పిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే కింద కొర్రమీను కాపలా ఉందని అర్థం. దాన్ని పడితే పిల్లలన్నీ పోతాయి, ఆ మడుగు వదిలి ముందుకు నడవండి. మందు కలపడం, తూటాలు పేల్చడం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే.

ఇంటికి వచ్చాక నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాయండి: తేదీ, చెక్‌డ్యాం గోడ మీద నీళ్లు పైనుంచి ఎన్ని రాళ్ల కింద ఉన్నాయి, ఏ మడుగులో ఏ ఫ్లైకి ఏది తగిలింది, ఏది వదిలారు. చేపలు పడ్డ మడుగుకు పదిహేను రోజులు సెలవివ్వండి. ఆ రాళ్ల లెక్క ఉంటే, ఎవరో ఊరినుంచి “వాగు పదకొండో రాయి మీదుంది” అని ఫోను చేస్తే చాలు, బయల్దేరాలో లేదో ఇంటి దగ్గరే తేలిపోతుంది.