డిక్టేషన్‌లో తప్పులు వస్తున్నాయా? ముందు చెప్పేవాళ్ళ నోరు చూడండి

డిక్టేషన్ అంటే ఏముందండి, మనం చదువుతుంటే పిల్లలు విని రాయడం, పుస్తకాల్లో ఉక్తలేఖనం అంటారు. మార్కుల కోసమే అనుకుంటాం గానీ పిల్లాడికి తేడా వినడంలో ఉందా రాయడంలో ఉందా అన్నది దీంట్లో దొరికినట్టు ఇంకెక్కడా దొరకదు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, సాయంత్రాలు ట్యూషన్ చెప్తా, రోజూ చూసేవే రాస్తున్నా.

సమస్య: ఒత్తు ధ కి మామూలు ద, ళ కి ల

కొత్త పిల్లలకి ముందు ధవళేశ్వరం అని ఒక్క మాట చెప్తా. చాలామంది "దవలేస్వరం" అని రాస్తారు, ఒక్క మాటకి మూడు తప్పులు.
కారణం: వాళ్ళ బద్ధకం కాదు, మన నోరే. ధ ని ద లాగా, శ ని స లాగా పలికేసి వాళ్ళు మాత్రం సరిగ్గా రాయాలంటే ఎలాగండి.
పరిష్కారం: నోటి ముందు అరచెయ్యి పెట్టి ధ అనండి, గాలి తగలాలి, ద అంటే అంత తగలదు. ళ కి నాలుక వెనక్కి మడత పడాలి. పిల్లలతో కూడా చేయించండి, తర్వాత కల, కళ లాంటి జంటలు చెప్పి రాయించండి.

సమస్య: గోదావరి అంటే గోదారి అని రాయడం

ఇంట్లో అలాగే అంటాం కదా, అర్థమైంది రాసేశాడు, అంతే. తిట్టకండి, రెండూ పక్కపక్కన రాయించి ఏది ఎక్కడ వాడతామో చెప్పండి చాలు.

సమస్య: మధ్యలో మాటలు ఎగిరిపోవడం

కారణం: మనం పరిగెత్తడం, లేదా తెగకూడని చోట ఆపడం. "కాటన్ దొర కట్టించిన" అని ఆపేస్తే ఏం కట్టించాడా అని మన మొహం చూస్తూ చేతిలోది మర్చిపోతారు.
పరిష్కారం: మొదటిసారి పెన్ను పట్టుకోకుండా మొత్తం విననివ్వండి. రెండోసారి "కాటన్ దొర కట్టించిన ఆనకట్ట" దగ్గర ఆగి, రాశాక "1852లో పూర్తయింది" అనండి. మూడోసారి మళ్ళీ మొత్తం చదివితే వాళ్ళే దిద్దుకుంటారు.

సమస్య: చూసి రాస్తే కరెక్టు, వింటే తప్పు

అక్షరం బొమ్మ వచ్చింది, శబ్దం అతకలేదు. ముందురోజు పైకి చదివించిన పాఠంలోంచే ఐదు లైన్లు చెప్పండి. తప్పు మాట ఇరవైసార్లు రాయించడం నాకు నచ్చదు, ఐదోసారి నుంచి బుర్ర వేరే చోట ఉంటుంది, దానికంటే మర్నాడు మళ్ళీ అడగడం మేలు.

అప్పుడప్పుడు వాళ్ళనే మీకు చెప్పమనండి. మొన్న ఒక పాప "నర్సాపురం" అంది, నేనూ అలాగే రాశా, చూసి "స ని కిందకి దింపేశారేంటి టీచర్ గారండీ" అంటుంది, నువ్వన్నదే కదే రాశాను అంటే నాలిక కరుచుకుని మళ్ళీ నెమ్మదిగా న, ర, సా అని విడదీసి చెప్పింది.