జప్తు నోటీసు వచ్చిందా, ముందు అది ఎవరు పంపారో చూడండి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగోళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు, దాంతో నోటీసు మడిచి బీరువాలో పెట్టేస్తారు, గడువు కాస్తా అక్కడే అయిపోతుంది. స్కూలుకెళ్లే పిల్లలతోనైనా సరే ఆఫీసు పేరు, కేసు నంబరు, తేదీ చదివించుకోండి, మీకు అందిన రోజు కూడా దానిమీదే రాసుకోండి.

బ్యాంకు సెక్షన్ 13(2) అని పంపితే అది తాకట్టు ఆస్తి మీద బాకీ వసూలు చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం, కట్టడానికి 60 రోజులు టైము. అభ్యంతరం ఉంటే రాసివ్వండి, 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. అయినా స్వాధీనం నోటీసు అంటించేస్తే 45 రోజుల్లో కటక్ డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. వ్యవసాయ భూమి తాకట్టుకి ఈ చట్టం వర్తించదు, ఈ ముక్క ఏ మేనేజరూ తనంతట తాను చెప్పడు.

సర్టిఫికెట్ కేసు అని ఉంటే అది ప్రభుత్వ బాకీల్లాంటివి వసూలు చేసే ఒడిశా 1962 చట్టం, బాకీ లేదనో అంత లేదనో 30 రోజుల్లో పిటిషన్ వేసుకోవాలి.

కాగితం ఏదీ లేకుండా ఫైనాన్సు కుర్రాళ్లొచ్చి టీవీ పట్టుకుపోతామంటే మాత్రం అది జప్తు కాదు, దౌర్జన్యం.

ఇక సివిల్ కోర్టు డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పు. అమీనా, అంటే జప్తుకొచ్చే కోర్టు మనిషి, వచ్చినా పొద్దు గూకాక ఇంట్లోకి రాకూడదు. బట్టలు, వంట సామాన్లు, మంచాలు, పరుపులు, పుస్తెలు ముట్టుకోకూడదు, వడ్రంగి పనిముట్లు, రైతుకి బతుకుతెరువైన ఎడ్లు, నాగలి, విత్తనాలు కూడా అంతే. రైతు గానీ కూలీ గానీ ఉంటున్న సొంత ఇల్లు కూడా జప్తుకి రాదు, కాకపోతే ఆ ఇంటినే తాకట్టు పెట్టుంటే ఈ మాట చెల్లదు. పొద్దు గూకాక రాకూడదన్నది సివిల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షన్లో, మిగతావి 60వ సెక్షన్లో ఉన్నాయి, నంబరు చెప్పి మరీ అడగండి.

జీతం అయితే, లెక్కలోకొచ్చేది 25 వేలనుకోండి, మొదటి వెయ్యి తీసేసి మిగతా 24 వేలలో మూడోవంతు, అంటే నెలకి 8 వేలే కోయగలరు, అదీ ఒక డిక్రీకి మొత్తం 24 నెలలే. భరణం డిక్రీకి లెక్క వేరు.

ఇంట్లో ఫ్రిజ్ అల్లుడిదనుకోండి, బిల్లు అతని పేరున ఉంటే వేలం అవకముందే అతనే కోర్టులో క్లెయిమ్ వేయాలి, అమీనాతో గుమ్మంలో గొడవపడితే ఏం లాభం లేదు. పట్టుకెళ్లిన వాటి లిస్టు కాపీ అడిగి తీసుకోండి. జప్తయిన పొలాన్ని రాత్రికి రాత్రి బావమరిది పేరున రాసేద్దాం అనుకోకండి, అప్పిచ్చినోడి మీద అది చెల్లదు.

లాయరుకి డబ్బుల్లేకపోతే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్లకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా లాయర్ని ఉచితంగా ఇస్తారు.

కోర్టు డిక్రీ కింద భూమి వేలం అయిపోయినా 60 రోజులు టైముంటుంది, వేలం ప్రకటనలో వేసిన బాకీతో పాటు కొన్నవాడికి వేలం ధరలో 5 శాతం కలిపి కోర్టులో కట్టేస్తే వేలం రద్దు చేయమని అడగొచ్చు.