వీణ అపస్వరం పలుకుతోందా? ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోండి

వీణ సరిగ్గా పలకకపోతే మనం ముందుగా తంత్రుల్నే అనుమానిస్తాం. నేనూ అలాగే సారణి (మొదటి తంత్రి) మార్చాను. కొత్త తంత్రి వేసినా అయిదో మెట్టు (తంత్రిని నొక్కే లోహపు కడ్డీ) దగ్గర అదే గరగర. అప్పటినుంచి ఏదీ విప్పకముందే ఒక పరీక్ష చేస్తున్నాను. అనుమానం ఉన్న మెట్టు మీద వాయించే తంత్రులైన సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం నాలుగూ మీటి చూస్తాను. నాలుగూ చెడ్డగా పలికితే దోషం మెట్లలో ఉంది. ఒక్క తంత్రే అన్ని మెట్ల మీదా చెడితే ఆ తంత్రిదే తప్పు. అన్ని తంత్రులూ అన్ని మెట్ల మీదా చెడితే గుర్రాన్ని (తంత్రులు ఆనే వంతెన) చూడాలి.

ఒక్క మెట్టు దగ్గరే గరగర

చాలాసార్లు తప్పు మీరు నొక్కిన మెట్టుది కాదు. గుర్రం వైపున్న పక్క మెట్టు కాస్త పైకి లేచి తంత్రికి తగులుతూ ఉంటుంది. లేదా నొక్కిన మెట్టే మైనంలోకి దిగి ఉంటుంది. చిన్న స్కేలును వరుసగా మూడు మెట్ల మీద పెట్టండి. మధ్య మెట్టు మీద అటూ ఇటూ ఊగితే అదే ఎత్తుగా ఉన్నట్టు.

మెట్లు నిలబడేది మైనం మీదే కదా, వేడికి అది మెత్తబడుతుంది. మూసిన కారులో, ఎండపడే కిటికీ పక్కన వీణను ఎప్పుడూ ఉంచకండి. తేడా కొంచెమే అయితే తంత్రుల్ని పక్కకు తప్పించి, వేడి చేసిన చెంచా వెనుక భాగాన్ని ఆ మెట్టుకు కాసేపు ఆనించండి. కింద మైనం మెత్తబడగానే మెల్లగా నొక్కి, పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకండి.

శ్రుతి కలిసింది, అయినా స్వరాలు కలవడం లేదు

సారణిని ఖాళీగా ఒకసారి, పన్నెండో మెట్టు మీద ఒకసారి మీటండి. రెండోది సరిగ్గా తారషడ్జం (పై స్థాయి స) కావాలి. హెచ్చుగా పలికితే గుర్రం మెట్లకు దగ్గరగా జరిగిందన్నమాట. తంత్రుల్ని కొంచెం వదులు చేసి, గుర్రాన్ని వెంట్రుకవాసి వెనక్కి జరపండి. తగ్గుగా ఉంటే ముందుకు.

తారషడ్జం కలిసి, మధ్యలో స్వరాలు తప్పితే మాత్రం మేళం (మైనం మీద మెట్ల అమరిక) చెదిరినట్టే. దీన్ని ఇంట్లో ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతాను. తంజావూరు పాలకుడు రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడ్డాయని చెప్పే ఈ 24 మెట్ల వల్లే, మెట్లు జరపకుండా ఏ రాగమైనా వాయించగలుగుతున్నాం. అందుకే ఒక మెట్టు తప్పితే ఆ స్వరం ఉన్న ప్రతి రాగమూ చెడుతుంది. రెండు స్థాయిలూ చెవితో సరిచూస్తూ మేళం కట్టడం అనుభవం ఉన్న చేతి పని. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ళలాంటి పనివాళ్ళకే అప్పగించండి.

శ్రుతి నిలవడం లేదు

కొత్త తంత్రి అయితే ఒకటి రెండు రోజులు సాగుతుంది, టెన్షన్ పడకండి. పాతదైతే బిరడా (తంత్రిని బిగించే కర్ర మేకు) చూడండి. పొడి వాతావరణంలో కర్ర కుంచించుకుని బిరడా జారుతుంది. దాన్ని బయటికి తీసి సుద్దపొడి రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటే పొడి సబ్బు కొద్దిగా రుద్దితే చాలు. నూనె మాత్రం వద్దు, ఇక బిరడా నిలవదు.

గమకం లాగితే గీసుకుంటోంది

తంత్రి రాపిడికి మెట్టు మీద గాడి పడింది. వేలితో తడిమితే తెలుస్తుంది. పనివాడు ఆకురాయితో సాఫు చేసి మెరుగు పెడతాడు. గాడి లోతైతే మెట్టు మార్చాల్సిందే. గుర్రం మీది కంచు రేకుకు కూడా ఇలాగే గాళ్ళు పడి నాదం మొద్దుబారుతుంది. ఒకే తంత్రి ఎప్పుడూ గుర్రం దగ్గరే తెగుతుంటే అక్కడి గాడి అంచు పదునెక్కిందేమో చూడండి.

ఎక్కడినుంచో జర్రుమనే చప్పుడు

ఒకరు మీటుతుంటే మరొకరు లంగరు పూసల్ని (శ్రుతిని సూక్ష్మంగా సరిచేసేవి), అలంకారపు రేకుల్ని, సొరబుర్రను ఒక్కొక్కటిగా వేలితో అదిమిపట్టాలి. దేన్ని పట్టుకుంటే చప్పుడు ఆగుతుందో అదే వదులైంది, దాన్ని బిగించండి. కుండకూ (గుండ్రని భాగం) దండికీ (మెట్లున్న పొడవాటి భాగం) మధ్య అతుకున్న వీణ అయితే ఆ అతుకునూ అదిమి చూడండి. ఒకే మానులో చెక్కిన బొబ్బిలి ఏకాండి వీణకు ఆ అతుకే ఉండదు.