చెల్క నేలలో సుగంధిపాల: వేరు ముక్క నుంచి వేరు తవ్వే దాకా

పెరట్లో పెట్టిన సుగంధిపాల తీగల్లో ఎండకు చచ్చేవి తక్కువ, నీళ్లు ఎక్కువై కుళ్లిపోయేవి ఎక్కువ. నల్లమలలో, దేవరకొండ, చందంపేట గుట్టల్లో ఇది రాళ్ల సందుల్లో, ఎండుటాకుల మధ్య సన్నగా పాకుతుంది. మాఘ, ఫాల్గుణాల్లో పైన చెట్లు ఆకు రాల్చి బోడిగా నిలబడినా, రాతి నీడన ఈ తీగ పచ్చగానే ఉంటుంది. మరీ కరువొస్తే ఆకు రాల్చేసి, తొలకరికి మళ్లీ వేరు నుంచి చిగురేస్తుంది. దానికి అలవాటైన నేల పలుచనిది, నీరు నిలవనిది. పెరట్లోనూ అలాంటి చోటే చూడాలి.

ముందు అసలు తీగను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. సుగంధిపాల శాస్త్రీయ నామం హెమిడెస్మస్ ఇండికస్. కాండం సన్నగా, ఇనుప తీగలా గట్టిగా ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. ఆకులు ఎదురెదురుగా వస్తాయి. చిక్కంతా ఆకు ఆకారంతోనే: ఒకే మొక్క మీద కింద గడ్డిపోచంత సన్నటివి, పైన వెడల్పాటివి ఉండొచ్చు. చాలావాటికి నడి ఈనె వెంట తెల్లటి చార కనిపిస్తుంది. అది తెగులు కాదు, మందు కొట్టొద్దు. పూలు ఆకు మొదట్లో గుత్తులుగా, బయట ఆకుపచ్చగా లోపల ముదురు ఊదాగా, వంగి చూస్తే తప్ప కనబడనంత చిన్నగా ఉంటాయి. పూల అందం కోసం పెంచే తీగ కాదిది. ఆకు కోసం, వేరు వాసన కోసం పెంచాలి.

ఇదే తీరున పాలు కారే తీగలు గట్ల మీద ఇంకా ఉన్నాయి. నల్లతీగకు లేత కొమ్మల మీద తుప్పు రంగు నూగు, తెల్లటి పూల గుత్తులు ఉంటాయి. అడవిపాల తీగ ఆకులు పెద్దవి, మందమైనవి. అనుమానం తీరాలంటే వేరును గోటితో గీరాలి. సుగంధిపాల అయితే వెంటనే తియ్యటి వాసన గుప్పుమంటుంది. వాసన లేని వేరును ఇంటికి తేవద్దు, షర్బత్‌లో అసలే వేయొద్దు.

బజారులో నన్నారి (సుగంధిపాలకే ఇంకో పేరు) అని అమ్మే వేలెడు లావు కొమ్ములు చాలావరకు ఈ మొక్కవి కావు. అవి మారెడు గడ్డలు, డెకాలెపిస్ హామిల్టోని అనే వేరే తీగవి. రెండింటికీ వాసననిచ్చే పదార్థం ఒకటే కాబట్టి ముక్కు మోసపోతుంది. మందం చూస్తే తెలిసిపోతుంది: సుగంధిపాల వేరు సన్నగా, పొడవుగా, వంకర్లు తిరిగి ఉంటుంది. ఎండిన కొమ్ము ఏదైనా సరే, నాటితే మొలవదు. పచ్చి వేరే కావాలి.

ఆ పచ్చి వేరు కోసం అడవికి వెళ్లొద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా మొక్కలు తవ్వుకు రావడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ మాట పక్కన పెట్టినా దానివల్ల లాభం లేదు. రాతి సందున దిగిన ముదురు వేరు తవ్వితే తెగుతుంది, పైనున్న తీగ వాడిపోతుంది, అక్కడ చెంచుల బతుకుదెరువుకు ఉన్న వేరు కూడా పోతుంది. ఔషధ మొక్కలు పెంచే నర్సరీలో ఒక్క కుండీ మొక్క కొనండి. లేదా చేను గట్టు మీద ఉంటే, ఆ రైతును అడిగి ఒక పక్క నుంచి జానెడు వేరు తీసుకోండి. జానెడు వేరుకు నాలుగు ముక్కలు వస్తాయి, పెరటికి అవి చాలు.

వేరు ముక్కలు పెట్టే పద్ధతి

కాండం ముక్కలూ వేళ్లు పోస్తాయి కానీ అందులో పోయేవే ఎక్కువ. వేరు ముక్క నమ్మకమైనది. అగ్గిపుల్ల కంటే లావు, పెన్సిల్ కంటే సన్నగా ఉన్న ఏడాది వయసు వేరును తీసుకుని 5 సెంటీమీటర్ల ముక్కలు చేయండి. కత్తి పదునుగా ఉండాలి. మొద్దు కత్తితో నలిగిన చోటే కుళ్లు మొదలవుతుంది. తీగ మొదలు వైపున్న కొసను అడ్డంగా, కింది కొసను ఏటవాలుగా కోస్తే ఏది పైనో మరిచిపోరు. అయినా తేడా తెలియకపోతే ముక్కను పడుకోబెట్టి నాటండి, తలకిందులు చేయడం కంటే అది మేలు. కోసిన ముక్కల్ని నీడలో ఓ గంట ఆరనిచ్చి, పాలు గడ్డకట్టాక నాటాలి.

సంచి 6 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తుది తీసుకుని, అడుగున నాలుగైదు బెజ్జాలు పెట్టండి. అందులోకి ఎర్రమట్టి రెండు పాళ్లు, వాగు ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు. ఎరువు చేతిలో పట్టుకుంటే పేడ వాసన రాకూడదు. పచ్చి పేడ కలిస్తే చెదలు వస్తాయి, చెదలొస్తే మొలకకు ముందే వేరు ముక్క మాయమవుతుంది. సంచికి ఒక చెంచాడు వేపపిండి కలిపితే ఆ భయం తగ్గుతుంది.

ముక్క మీద 2 సెంటీమీటర్ల మట్టి చాలు. మొదటిరోజు అడుగు నుంచి కారేదాకా తడపండి. ఆ తర్వాత వేలు పెట్టి చూసి, పై కణుపు లోతు వరకు పొడిగా ఉంటేనే మళ్లీ నీళ్లు. మామూలుగా మూడు నాలుగు వారాల్లో మొలక కనిపిస్తుంది. ఈలోపు బతికిందా లేదా అని తవ్వి చూసేవాళ్లున్నారు. తవ్వితే లేత వేర్లు తెగుతాయి, బతికేది కూడా చస్తుంది.

ఈ పనికి మే మొదటి వారం మంచి అదను. ముక్కలు సంచుల్లో నీడపట్టున ఉంటే రోహిణి కార్తె ఎండ వాటిని తాకదు. ఆరుద్ర వానలు పడి నేల తడిసేసరికి మొక్కకు ఆరేడు ఆకులొచ్చి నాటడానికి సిద్ధమవుతుంది. వానలు వెనకబడితే మొక్కల్ని సంచుల్లోనే ఉంచండి. ఎండిన నేలలో నాటి బోరు నీళ్లతో కాపాడదామనుకుంటే శ్రమ ఎక్కువ, ఫలితం తక్కువ.

గింజల నుంచీ పెంచొచ్చు. కాయలు జంటగా, మేక కొమ్ముల్లా విడిపోయి సన్నగా పొడవుగా ఉంటాయి. గోధుమ రంగుకు తిరిగాక పగిలితే లోపలి నల్ల గింజలు తెల్లటి పట్టుకుచ్చుతో గాలికి ఎగిరిపోతాయి. అందుకే రంగు మారగానే పలుచటి గుడ్డ కట్టాలి. కుచ్చు తీసేసి అర సెంటీమీటరు లోతున విత్తండి. పాత గింజకు మొలక తగ్గుతుంది కాబట్టి ఎక్కువ కాలం దాచొద్దు. గింజ మొక్క నిదానంగా పెరుగుతుంది. తొందర ఉన్నవాళ్లకు వేరు ముక్కే దారి.

ఎక్కడ పెట్టాలి

ఎర్ర చెల్క, దుబ్బ నేల, మొరం కలిసిన నేల దీనికి సరిగ్గా సరిపోతాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పెరళ్లలో నేల మార్చాల్సిన పనే ఉండదు. నల్లరేగడి అయితే గుంత తీయడమే పొరపాటు: వానాకాలంలో ఆ గుంతలో నీరు నిలిచి వేరు నల్లబడుతుంది. రేగడి మీద అడుగు ఎత్తున రాళ్లు పేర్చి మడి కట్టి, అందులో ఎర్రమట్టి, మొరం సగం సగం నింపి నాటండి. చౌడు నేలలో ఆశ పెట్టుకోవద్దు.

చెల్కలో అడుగు పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి, తవ్విన మట్టిలో 2 కిలోల చివికిన ఎరువు, 50 గ్రాముల వేపపిండి కలిపి నింపండి. నేలను కప్పే తివాచీలా కావాలంటే మొక్కకు మొక్కకు అడుగు దూరం, వేరు కోసమైతే అడుగున్నర. తీగ జానెడు పెరగ్గానే కొస గిల్లాలి. గిల్లకపోతే ఒకే తీగ బారెడు సాగుతుంది, మధ్యలో నేల బోడిగా కనిపిస్తుంది. మొదటి ఏడు మూడుసార్లు గిల్లితే చుట్టూ నాలుగైదు తీగలు పడతాయి. దగ్గర్లో కంచె, మొక్క ఏదున్నా చుట్టుకుని పైకి పోతుంది కాబట్టి పాకాలనుకుంటే అప్పుడప్పుడు కిందికి లాగి, వంకీ పుల్లతో నేలకు అదిమి పెట్టండి.

నీడ ఏ చెట్టుది అన్నది బాగా ఆలోచించాల్సిన సంగతి. ఈ తీగకు పొద్దున ఎండ కావాలి, నడిఎండ పడకూడదు. మన దగ్గర పెరటికొకటి ఉండే సీతాఫలం చెట్టు సరిగ్గా ఎండాకాలంలోనే ఆకు రాల్చేస్తుంది. దాని కింద నాటితే కావాల్సినప్పుడే నీడ ఉండదు. మామిడి నీడ ఏడాదంతా ఉంటుంది, కానీ పాదులో నాటితే చెట్టుకిచ్చే నీళ్లకు తీగ కుళ్లుతుంది. పాదు గట్టుకు బయట, కొమ్మల అంచు నీడ పడేచోట నాటండి. వేప, కానుగ కూడా ఆకు రాలుస్తాయి గానీ ఎండ ముదిరేలోపే చిగురేసుకుంటాయి కాబట్టి పనికొస్తాయి. చెట్టే లేకపోతే ఇంటికి తూర్పు గోడ పక్కన పెట్టండి. రాలిన ఆకుల్ని ఊడ్చేయకుండా రెండంగుళాల మందాన తీగ మధ్యే వదిలేయండి, మొదలుకు మాత్రం తగలనివ్వొద్దు.

మేడ మీద కుండీలో పెంచేవాళ్లు లోతు చూసుకోవాలి. అడుగున్నర లోతు లేని కుండీలో వేరు చుట్టలు చుట్టుకుని ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు వేడికి కుండీ అడుగున వేర్లు ఉడికిపోతాయి, కాబట్టి ఇటుకల మీద నిలబెట్టండి.

నీళ్లు, పసుపు ఆకులు, పురుగులు

వానాకాలంలో, రెండు వారాలు చినుకు లేకపోతే తప్ప నీళ్లు వద్దు. చలికాలంలో పదిహేను రోజులకోసారి. ఎండాకాలంలో వారానికోసారి మొక్కకు 3 లేదా 4 లీటర్లు, సాయంత్రం పూట. మొదటి ఎండాకాలం మాత్రం నాలుగైదు రోజులకోసారి పోయాలి. మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి తేరుకుంటే నీళ్లు చాలుతున్నట్టే. పొద్దున కూడా వాలి ఉంటే ముందు మట్టి తడిమి చూడండి. మట్టి తడిగా ఉండి ఆకు వాలిందంటే వేరు కుళ్లుతోంది. నీళ్లు ఆపి, మొదలు దగ్గర మట్టి పక్కకు తీసి గాలి తగలనివ్వండి. మెత్తబడిన వేరును గట్టి భాగం వచ్చేదాకా కోసేయండి.

నల్గొండ వైపు బోరు నీళ్లు కఠినమైనవి. వాటితో తడిపిన చోట కొత్త ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. వేరుశనగకు చేసినట్టే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం తేడాతో రెండుసార్లు చల్లండి. ఆకు అంచులు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే అది ఉప్పు పేరుకోవడం. దానికి మందు లేదు, వాన నీళ్లు పట్టి పోయడమే. ముదురు ఆకులు మాత్రమే పసుపు తిరిగి రాలుతుంటే కంగారు అక్కర్లేదు. యూరియా వేయొద్దు. తీగ బారెడు సాగుతుంది, వేరు ఊరదు.

నల్లటి కొమ్ముల్లాంటి పోగులు నాలుగు జతలతో, చారల ఒంటితో ఒక గొంగళి పురుగు ఆకులు తినేస్తుంటే చంపకండి. అది కామన్ క్రో అనే సీతాకోకచిలుక పిల్ల. రెక్కల అంచున తెల్ల చుక్కలుండే ఆ నల్లటి సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో సుగంధిపాల ఒకటి. ఆకు పోయినా వేరు నిలిచి ఉంటుంది, కొద్ది వారాల్లో మళ్లీ చిగురిస్తుంది. ఆకు కింద వెండిలా మెరిసే గూడు కనిపిస్తే పిల్లలకు చూపించండి. ఒకే ఒక్క లేత మొక్క ఉండి, పురుగులు ఎక్కువగా ఉంటే మాత్రం కొన్నింటిని గన్నేరు మీదికి మార్చండి, అదీ వాటికి తిండే. లేత కొసల మీద పేనుబంక పడితే నీళ్ల ధారతో కడిగేస్తే చాలు.

వేరు తీయడం

రెండున్నరేళ్లు నిండనిదే తవ్వొద్దు. ముందే తవ్వితే వచ్చేది దారంలాంటి వేరు. పుష్యమాసంలో, నేలలో కొంచెం పదును ఉండగా, మొదలుకు జానెడు దూరంలో ఒక్క పక్కన మాత్రమే గునపంతో వదులు చేసి వేరును చేత్తో తీయండి. రెండో పక్క వేర్లు, మొదలు కదలకూడదు. గుంతను అదే మట్టితో పూడ్చి, ఒకసారి నీళ్లు పోసి వదిలేయండి. అవతలి పక్క మళ్లీ రెండేళ్లకు. తీసిన వేర్లలో నాలుగు ముక్కలు నాటడానికి పక్కన పెట్టుకోండి.

వేరును గబగబా కడిగి నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే వాసన ఎగిరిపోతుంది. వాసనంతా పై బెరడులోనే ఉంటుంది, లోపలి కట్టెలో దాదాపు లేదు, కాబట్టి చెక్కు తీయొద్దు, గరుకు గుడ్డతో మట్టి తుడిస్తే చాలు. వంచితే టక్కున విరిగేదాకా ఆరాక గాజు సీసాలో మూత బిగించి దాచుకోండి. షర్బత్‌కు 50 గ్రాముల వేరును కచ్చాపచ్చాగా దంచి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మూత పెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు కాచి వడకట్టండి. కిలో చక్కెర కలిపి కరిగించి, చల్లారాక సీసాలో పోయండి. నిమ్మరసం సీసాలో కలపొద్దు, తాగేటప్పుడు గ్లాసులో పిండుకోండి.