ఖగోళ శాస్త్రంతో అంతర్జాతీయ భాగస్వామ్య ప్రాజెక్టు: హైదరాబాద్ సంస్థలు ఎలా మొదలుపెట్టాలి

అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య, దక్షిణాఫ్రికా జాతీయ పరిశోధనా సంస్థ కలిసి 2011లో కేప్ టౌన్‌లో అభివృద్ధి కోసం ఖగోళ శాస్త్ర కార్యాలయాన్ని నెలకొల్పాయి. చదువు, ఉపాధి, నైపుణ్యాల వంటి అవసరాలకు ఖగోళ శాస్త్రాన్ని వాడుకునే ప్రాజెక్టుల కోసం ఆ కార్యాలయం వివిధ దేశాల నుంచి ప్రతిపాదనలు ఆహ్వానించి, ఎంపికైన వాటికి చిన్న మొత్తాలు అందజేస్తుంది. మన నగరంలోని ఏ స్వచ్ఛంద సంస్థ అయినా అటువైపు అడుగు వేయాలనుకుంటే ఈ కింది విషయాలు ముందుగా చూసుకోవాలి.

ప్రతిపాదన మొదటి పేజీలో టెలిస్కోపు ప్రస్తావన రాకుండా ఉండడం మంచిది. మేము తొలిసారి రాసినప్పుడు అద్దం ఎన్ని అంగుళాలుండాలి, స్టాండు ఏ రకం కావాలి అన్న చర్చకే రెండు పేజీలు నింపాము. అది తిరిగి వచ్చింది, రావలసిందే కూడా. ఎవరికి ఏ ఇబ్బంది ఉంది, దానికి ఖగోళ శాస్త్రమే ఎందుకు పనికివస్తుంది అన్నది ముందు తేల్చుకోవాలి. పదో తరగతి త్రికోణమితి దగ్గర జంకే ప్రభుత్వ పాఠశాల పిల్లలు కావచ్చు, అనంతగిరి కొండలకు వచ్చే సందర్శకులకు రాత్రి ఆకాశం చూపి నాలుగు రూపాయలు సంపాదించుకోగల వికారాబాద్ యువకులు కావచ్చు. రెండింటినీ ఒకే ప్రతిపాదనలో కుక్కితే ఏదీ నిలబడదు.

విదేశీ భాగస్వామి లేనిదే జరగని పనిని ఎంచుకోవాలి. త్రికోణమితినే తీసుకుందాం. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు కాబట్టి మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆవరణలో మీటరు కర్రను పాతి, దారానికి రాయి కట్టి అది నిటారుగా ఉందని సరిచూసుకుంటే, 12 గంటలు దాటిన కాసేపటికి నీడ కుంచించుకుపోయి కర్ర మొదట్లో కలిసిపోతుంది. అదే రోజు కేప్ టౌన్‌లో అక్కడి మిట్టమధ్యాహ్నం అంతే కర్రకు మీటరుంబావు నీడ పడుతుంది, అంటే సూర్యుడు అక్కడ నడినెత్తి నుంచి 51 డిగ్రీలు వాలి ఉంటాడు. రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం సుమారు 5,700 కిలోమీటర్లు. ఈ రెండు సంఖ్యలతో పిల్లలు లెక్క వేస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. చిక్కల్లా మే 9 వేసవి సెలవుల్లోనూ, ఆగస్టు 3 వానల్లోనూ పడడమే. అందుచేత నవంబరు, ఫిబ్రవరి మధ్య తేటగా ఉన్న రోజు ఎంచుకోండి. అప్పుడు రెండుచోట్లా నీడ ఉంటుంది, ఇక్కడ ఉత్తరానికీ అక్కడ దక్షిణానికీ. రెండు కోణాలను కూడితే మళ్లీ అదే 51 వస్తుంది.

స్థానిక నిపుణుల కోసం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్ర విభాగాన్ని, నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటోరియాన్ని ముందు సంప్రదించండి. హైదరాబాద్‌లో 1901లో స్థాపించిన నిజామియా వేధశాల, పారిస్‌లో 1887లో మొదలైన ఆకాశ పటాల రూపకల్పనలో పాలుపంచుకుంది. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడైన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకే అధ్యక్షుడయ్యారు. ఇంతటి వారసత్వాన్ని ప్రతిపాదనలో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవడం నా దృష్టిలో పొరపాటు.

అసలు కష్టం డబ్బు చేతికందే దారిలో ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు లేని సంస్థ ఆ డబ్బు తీసుకోకూడదు. బహుమతిగా పంపిన టెలిస్కోపు కూడా విదేశీ విరాళం కిందికే వస్తుంది. సాధారణంగా నమోదుకు మూడేళ్ల పని, ఆ మూడేళ్లలో సొంత కార్యక్రమాలపై 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. అంత చరిత్ర లేనివారు ఫలానా దాత నుంచి ఫలానా మొత్తానికి ముందస్తు అనుమతి కోరవచ్చు. నమోదున్న మరో సంస్థ డబ్బు తీసుకుని మీకు బదలాయించే పాత పద్ధతిని 2020 సవరణ మూసివేసింది. అలాంటి సంస్థే ప్రాజెక్టును తానుగా నడపాలి, మీరు అందులో పనిచేయాలి. సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, పరిపాలనా ఖర్చు 20 శాతం మించకూడదు. కాబట్టి బడ్జెట్ పేజీని ఆడిటర్‌తో కూర్చుని, భాగస్వామికి మాట ఇవ్వకముందే రాయించుకోండి.